బెంచీ మీద చోటు

రిమ్మా ల్వోవ్నా రోజూ అయిదింటికే లేచి, ఎక్కడికో బయలుదేరుతున్నట్టు బట్టలు మార్చుకునేది. వాళ్లు వచ్చేది ఆరింటికి. ఎవరింటికి వచ్చినా ఆరింటికే వచ్చారు. జుట్టు విరబోసుకుని రాత్రి గౌనులో వాళ్ల కంటబడటం ఆమెకు ఇష్టం లేదు. పొయ్యి మీద జావ కలుపుతూ, వీధిలో కారు చప్పుడైతే గరిటె ఆపేది. కారు దాటిపోతే మళ్లీ తిప్పేది. ఆరున్నర అయితే గానీ భుజాలు కిందికి దిగేవి కావు. ఏడాదిగా ఇదే వరస.

తలుపు పక్కన ఒక సంచీ. అందులో రెండు జతల ఉన్ని మేజోళ్లు, సబ్బు, టీ పొట్లం, రెండో కళ్లజోడు. జైలుకు ఏమేం పట్టుకెళ్లాలో సుఖొరెచ్‌స్క్ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

సంచీ పక్కనే బెంచీ. రిమ్మా ముత్తాత చేసింది, నలుగురు పడతారు. ప్రయాణానికి ముందు అందరూ ఒక్క నిమిషం మాట్లాడకుండా కూర్చోవటం ఆ దేశంలో ప్రతి ఇంట్లోనూ ఉన్న ఆచారమే. ఈ ఇంట్లో మాత్రం, ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఇంటికి పెద్ద అయినవాళ్లు “ఇక బయలుదేరండి, దేవుడున్నాడు” అనేదాకా లేవలేరు. ముత్తాత నాటి నుంచీ అంతే. ఫలానా వాళ్ల బావి నీళ్లు ఉప్పన అని చెప్పుకున్నట్టే ఊరు ఆ సంగతి చెప్పుకునేది. పరీక్షలకు వెళ్లే పిల్లలు, సైన్యానికి వెళ్లే కుర్రాళ్లు వచ్చి కూర్చుని వెళ్లేవాళ్లు. ఆ ఒక్క నిమిషం తమను ఎవరూ ఎక్కడికీ తీసుకుపోలేరన్న ధీమా కోసం.

ఇప్పుడు ఇంటికి పెద్ద రిమ్మా తల్లి, ఫైనా. ఎనభై మూడేళ్లు. రెండేళ్లుగా మాటలు ఒక్కొక్కటే ఆమెను విడిచిపోతున్నాయి. ఉప్పు డబ్బా మీద “ఉప్పు” అనీ, పొయ్యి పక్కన “ఆర్పావా?” అనీ రిమ్మా కాగితాలు అంటించింది. పోయిన వసంతంలో పక్కింటి క్లావా బెంచీ మీద కూర్చుంటే, ఫైనాకు ఆ మాట తట్టలేదు. క్లావా ఎన్నిసార్లు అందించినా నాలుక దాకా వచ్చి జారిపోయింది. మధ్యాహ్నానికి గానీ లేవలేకపోయిన క్లావా, “పోతే పోయిందిలే రైలు, మరిది మొహం చూసే బాధ తప్పింది” అని నవ్వేసింది. రిమ్మా నవ్వలేకపోయింది. ఆ మాటను పెద్ద అక్షరాలతో రాసి, బెంచీకి ఎదురుగా గోడకు అంటించింది.

రిమ్మా బళ్లో ఇరవై రెండేళ్లు భూగోళం చెప్పింది. బడిని వెచ్చబెట్టే గొట్టాలు పగిలి పిల్లలు కోట్లు తొడుక్కుని పాఠాలు విన్న చలికాలంలో, కొత్త బాయిలరు ఎప్పుడిస్తారని అడగడానికి నగర సభకు వెళ్లింది. బాయిలరు రాలేదు గానీ, మరుసటి ఎన్నికల్లో ఊరు ఆమెనే ఆ సభకు పంపింది. తర్వాత ఇంకో రెండుసార్లు పంపింది. ఫ్యాక్టరీ మురుగు నదిలోకి వదలటానికి వీల్లేదని చెయ్యెత్తిననాడు ఆమెతోపాటు ఆరు చేతులు లేచాయి. కొన్నేళ్లకు రెండు. ఆపైన ఆమెది ఒక్కటే. యుద్ధం మొదలయ్యాక ఒకరోజు లేచి, “మన ఊరి నుంచి వెళ్లి తిరిగి రానివాళ్ల పేర్లు చదవండి” అంది. ఎవరూ చదవలేదు. తనకు తెలిసిన పేర్లు తనే చదివింది. అందరూ ఆమె దగ్గర పాఠం విన్నవాళ్లే. పదకొండో పేరు దగ్గర మైకు ఆగిపోయింది. ఆ సాయంత్రమే సంచీ సర్దింది.

“వెళ్లిపోవే” అనేది తల్లి, గుర్తున్న రోజుల్లో. “ఏడున్నర బస్సెక్కితే తొమ్మిదికల్లా సరిహద్దు దాటతావు. కజాకుల వైపు మా పిన్ని కూతురు లేదూ?”

“ఆవిడ పోయి పదేళ్లయిందమ్మా.”

“పోతే పోయింది, ఇల్లుంటుందిగా.”

“మరి నిన్నెవరు చూస్తారు?”

“నువ్వు జైల్లో కూర్చుంటే ఎవరు చూస్తారే? క్లావాయేగా!”

సభలో ఆ పేర్లు చదివినందుకు ఏడేళ్లు వేస్తారని వకీలు చెప్పాడు. ఆమెను నిద్రపోనివ్వనిది జైలు గోడలు కావు. ఏడేళ్లకు తిరిగొచ్చి తలుపు కొడితే, అమ్మ తీసి, “ఎవరమ్మా నువ్వు?” అంటుందేమోనన్న భయం.

గురువారం ఆరింటికి కారు వచ్చింది. దాటిపోలేదు.

ముగ్గురు. జిల్లా నుంచి వచ్చిన దర్యాప్తు అధికారి, ఊరి పోలీసు కెప్టెన్ జాఖర్, డ్రైవరు. ఇల్లు వెచ్చగా ఉండటంతో కోట్లు విప్పి కొక్కేలకు తగిలించారు. పుస్తకాలు దులిపారు, కంప్యూటరు మూటగట్టారు. రిమ్మా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

“వోల్గా ఎక్కడ పుడుతుందో ఇప్పుడైనా వచ్చా జాఖర్?” అంది.

“టీచరుగారూ, దయచేసి...” జాఖర్ చెవులు ఎర్రబడ్డాయి. “పైవాళ్లు చెప్పినమాట వినేవాణ్ణి, అంతే.”

“బళ్లో అదొక్కటే చెయ్యలేదు.”

ఏడు దాటింది. దర్యాప్తు అధికారి ఫోనునూ కాగితాలనూ టేబుల్ మీద సర్ది, “ఇక పదండి” అన్నాడు.

“అదేమిటి, కూర్చోకుండానే?” తల్లి తన గదిలోంచి వచ్చింది. జడ చక్కగా అల్లుకుని ఉంది. “బయట మంచు, దారంతా జారుడు. మీకు తల్లులు లేరా? అదిగో, డ్రైవరబ్బాయి కూడా. అందరికంటే ముందు కూర్చోవాల్సింది అతనే.”

దర్యాప్తు అధికారి జాఖర్ వైపు చూశాడు.

“ఒక్క నిమిషమే సార్” అన్నాడు జాఖర్. “నేను పదో తరగతి పరీక్షకు దీనిమీద కూర్చునే వెళ్లాను. కూర్చోకుండా బయలుదేరకూడదు.”

“మా అమ్మా ఇంతే” అని గొణిగి దర్యాప్తు అధికారి కూర్చున్నాడు. జాఖర్ కూర్చున్నాడు, డ్రైవరు టోపీ తీసి కూర్చున్నాడు. రిమ్మా అడుగు వేసేలోగా తల్లి నాలుగో చోట కూలబడింది.

“నీకు చోటు లేదే. నిలబడు. చేతులు గడ్డకడతాయి, ఇవి తొడుక్కో” అని ఉన్ని తొడుగులు చేతిలో పెట్టింది.

గడియారం కొట్టుకుంటోంది. నిమిషం గడిచింది. రెండు.

“బామ్మగారూ, ఆ మాట అనండి” అన్నాడు జాఖర్.

“ఏ మాట నాయనా?”

అందరూ గోడవైపు చూశారు. కాగితం ఉండాల్సినచోట తెల్లటి చదరం ఉంది.

“ఇక బయలుదేరండి, దేవుడున్నాడు. అంతే!” అని అందించాడు జాఖర్.

“అవునవును. ఇక...” తల్లి నుదురు రుద్దుకుంది. “ఇప్పుడే చెప్పావు, పోయింది చూడు. నువ్వు జినాయిదా కొడుకువు కదూ?”

దర్యాప్తు అధికారి లేవబోయాడు. కాళ్లు కదిలాయి గానీ నడుము రాలేదు. చెయ్యి చాచాడు, టేబుల్ నాలుగడుగుల దూరం. జాఖర్ ఫోను కోటులో ఉంది, డ్రైవరుది కారులో. కేకలు వేశారు. వీధిలో ఎవరూ వినలేదు. విననట్టుండటం ఆ వీధికి ఎప్పుడో అలవాటైంది.

రిమ్మా తల్లి ముఖంలోకి చూసింది. ఆ కళ్లలో ఏముందో తెలియలేదు. పొగమంచు లాంటి నవ్వు, అంతే.

“అమ్మా.”

“ఇంకా ఇక్కడే ఉన్నావా? బడికి ఆలస్యమవుతుంది. గడప దాటాక వెనక్కి రాకు, దారి చెడుతుంది.”

రిమ్మా సంచీ తీసుకుంది. బస్టాండు దాకా పరుగెత్తలేదు; పరుగెత్తే మనిషిని అందరూ గుర్తుపెట్టుకుంటారు. బస్సు అద్దం మీద మంచు గోకుతూ, వెనకొచ్చే ప్రతి కారునూ లెక్కపెట్టింది. సరిహద్దు దగ్గర ఆపాల్సినవాళ్ల జాబితాలోకి ఆమె పేరు ఇంకా ఎక్కలేదు. ఎక్కించాల్సిన మనిషి బెంచీ మీద ఉన్నాడు. చౌకీలో కుర్రాడు పాస్‌పోర్టు చూసి, ముఖం చూసి, మళ్లీ పాస్‌పోర్టు చూసి ముద్ర వేశాడు.

అవతల టీ దుకాణంలో కూర్చున్నాకే ఆమె తొడుగులు తొడుక్కుంది. కుడిచేతి వేళ్లకు ఏదో గరుకుగా తగిలింది. నాలుగు మడతల కాగితం. తన రాతే: ఇక బయలుదేరండి, దేవుడున్నాడు. తిప్పింది. వెనకవైపు వంకరటింకర అక్షరాలు, పెన్సిలుతో:

“నాకు గుర్తుంది. సాయంత్రం చెబుతాను. నువ్వు రాకు.”

ఇంకా పదిన్నరే. సాయంత్రానికి ఎంత ఉందో. రాస్తున్నప్పుడు అమ్మకు గుర్తున్నది సాయంత్రం దాకా ఉంటుందో లేదో. రిమ్మా కాగితం టేబుల్ మీద పరిచి, టీ చల్లారిపోతున్నా చూసుకోకుండా, వెనకబెంచీ పిల్లకు పరీక్షలో జవాబు అందిస్తున్నట్టు, పెదవులు మాత్రమే కదుపుతూ, ఆ మాటను మళ్లీ మళ్లీ చెబుతూ కూర్చుంది.