రాతి మధ్యలో కన్ను

సోండా గాలి వీచే రోజున అందల్గలా ఊళ్ళో ఎవరూ రాయి కోయరు. కొండల మీంచి దిగే ఆ వేడిగాలికి మనుషులకే బుర్ర పనిచేయదు. కుక్కలు ఊరికే కరవడానికొస్తాయి. ఏళ్ళ తరబడి కలిసి బతుకుతున్న ఆలుమగలు కూరలో ఉప్పు దగ్గర జుట్లు పట్టుకుంటారు. ఇక గులాబీ రాయి సంగతి చెప్పాలా? అసలే మెత్తనిది, చాకు మొన తగిలితే గీత పడుతుంది. రంపం కింద నీళ్ళు చాలక కాస్త వేడెక్కిందా, పొర వెంట పుటుక్కుమంటుంది. ఇదంతా తెలిసీ, ఆ రాయి కోసి అమ్ముకుని బతికే ఎదెల్మిరా ఆ పొద్దున రంపం ముందు కూర్చుంది. ఏం చేస్తుంది పాపం? మధ్యాహ్నానికి గని లారీ దిగుతుంది. అందులో రోసెందో వస్తాడు.

రోసెందో పైన కపిజీతాస్ గనిలో పనివాడు. బంగారంలాంటి మనిషే, కానీ నోట్లో నాలుక లేదు. ఏటా సాన్ ఫ్రాన్సిస్కో పండగకి దిగుతాడు, ఎదెల్మిరా పెరట్లో కూర్చుని మాంసం కూరిన ఎంపనాదాలు తింటాడు, ఆమె ఇంటి కప్పు బాగుచేస్తాడు, మళ్ళీ కొండెక్కేస్తాడు. వీళ్ళిద్దరికీ ఊరివాళ్ళు ఎప్పుడో పెళ్ళి చేసేశారు. ఆ ముక్క నోరు తెరిచి అనుకోనిది వీళ్ళిద్దరే.

కిందటిసారి వెళ్తూ వెళ్తూ గుడ్డలో చుట్టిన రాయొకటి ఆమె చేతిలో పెట్టాడు. గుహ కప్పు నుంచి చుక్కచుక్కగా కారి గట్టిపడ్డ రాతి ఊచ అది, బొటనవేలంత లావు.

"కోసి చూడు. మధ్యలో కన్ను లేకపోతే పండక్కి పరుపు చుట్టుకుని దిగిపోతా. ఇంక పైకి పోను," అన్నాడు. మొహం చూడకుండా చక్కాపోయాడు.

కన్నంటే ఊచ నడిమధ్యన ఉండే సన్నటి బెజ్జం. నీటిచుక్క దిగిన దారి అది. దాని చుట్టూనే గులాబీ రంగూ తెలుపూ వలయాలు వలయాలుగా పేరుకుంటాయి. కాబట్టి ఏ ఊచ కోసినా కన్ను ఉండి తీరుతుంది. ఎప్పుడో నూటికో కోటికో కొసన మూసుకుపోతుందంటారు. ఆ గనిలోనే జుట్టు నెరిసిన రోసెందోకి ఈ మాట తెలియదా? తన పేరైనా మరిచిపోతాడేమో గానీ ఇది మరవడు. అదే ఎదెల్మిరా గుండెల్లో ముల్లై కూర్చుంది. నన్ను వద్దనడానికి ఇంత డొంకతిరుగుడు ఎందుకయ్యా అని ఒక పూట మండిపడేది. ఏమో, కొసన మూసుకుపోయి ఉంటుందేమో అని ఇంకో పూట ఆశపడేది. ఊచని పిండిడబ్బాలో దాచింది. తీసేది, చూసేది, మళ్ళీ దాచేది. చివరికి పండగ రేపనగా, ఈ దిక్కుమాలిన గాలిలో రంపం తిప్పింది.

తమ్ముడి పెళ్ళాం నికొలాసా మాతే కషాయం పట్టుకుని వచ్చేసరికి రంపం గీపెడుతోంది.

"పిచ్చా నీకు వదినా? ఈ గాలిలో రాయి కోస్తారా ఎవరైనా?"

"నోరు మూసుకుని నీళ్ళు పొయ్యి."

నికొలాసా చెంబు వంచి ధార పోసింది. మొదటి బిళ్ళ తెగి పడింది. గులాబీ పువ్వు విచ్చినట్టు వలయాలు, మధ్యన కన్ను. కాస్త కొసవైపు ఇంకో బిళ్ళ కోసింది. కన్నే. కొసాకొసన మిగిలిన చిన్న ముక్క కూడా కోసి, తుడిచి, వెలుతురుకేసి పట్టుకుంది. బెజ్జంలోంచి వెలుగు సూదిలా వచ్చి కంట్లో పడింది.

"వాడి మొహం మండా!" అంది ఎదెల్మిరా.

"ఇంతోటిదానికి ఏడుపెందుకు? రాతిపొడిలో జిగురు కలిపి పూడ్చి పారెయ్. మొన్న టూరిస్టులకి అమ్మినవన్నీ పూడ్చినవి కావూ?"

"అది అంగడి సరుకు. సొంతవాళ్ళకిచ్చే రాయి పూడుస్తారా? మా ఇంటా వంటా లేదు."

"పూడ్చకపోతే మనిషి దక్కడే తల్లీ!"

"దక్కకపోతే పోనీ! నాకేం, ఇన్నాళ్ళూ బతకలేదూ?" అని ఎదెల్మిరా ముందుగుడ్డతో కళ్ళు ఒత్తుకుంది. నిజానికి ఆమెకి ఎంత దుఃఖంగా ఉందంటే, ఆ ముక్కలన్నీ తీసుకెళ్ళి ఏట్లో పారేద్దామనిపించింది.

పారేయలేదు. మొదటి బిళ్ళని సానపట్టింది. గాలి మోసుకొచ్చిన ఇసుక రేణువొకటి మెరుగుపెట్టే ఫెల్టుబట్ట చక్రానికి అంటుకుని బిళ్ళ మీద గీత గీసింది. తిట్టుకుంటూ చక్రం కడిగి మళ్ళీ మొదలెట్టింది. తలుపు చప్పుడైతే లేచింది, గాలే. కూర్చుంది. లారీ అనుకుని మళ్ళీ లేచింది, పక్కింటి రేకు. నిలవలేదు, కూర్చోలేదు, ఆ తిరుగుళ్ళ మధ్యే రాయి అద్దంలా తేలింది.

లారీ నిజంగానే వచ్చి వీధి చివర ఆగింది. రోసెందో దిగాడు. ఎదెల్మిరా చూపు ముందు లారీ మీదికి పోయింది. తాడేసి కట్టిన పరుపు చుట్ట! పక్కన మసిపట్టిన కెటిల్! రాయి చూడకుండానే సామాను తెచ్చుకున్నాడేమిటి మరి?

సానపట్టిన బిళ్ళతో అరచేయి చాచింది. రోసెందో బిళ్ళ తీసుకుని ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. కన్నులోంచి చూశాడు. మొహం వాడిపోయింది.

"పూడ్చలేదే," అన్నాడు.

"ఎందుకు పూడుస్తా? నీ చేతిలో అబద్ధం పెట్టనా?"

"సరే. అర్థమైంది." రాయి జేబులో వేసుకుని, టోపీ నెత్తిన నొక్కుకుని, మళ్ళీ లారీ ఎక్కేశాడు. పైన గనిలో ఉన్న మిగతావాళ్ళని తేవడానికి అది వెంటనే తిరిగి పోతుంది.

ఎదెల్మిరా గుడ్లప్పగించి నిలబడిపోయింది. "ఏం అర్థమైందట ఆయనకి?"

నికొలాసా నెత్తి బాదుకుంది. "ఓసి నా వెర్రి వదినా! కన్ను లేని ఊచ ఎక్కడైనా ఉందా? పూడ్చమనే అడిగాడు ఆ మూగమొద్దు! పూడిస్తే రమ్మన్నట్టు, వదిలేస్తే పొమ్మన్నట్టు. నువ్వేమో చక్కగా మెరుగుపెట్టి మరీ పొమ్మన్నావు!"

లారీ కదిలింది. ఎదెల్మిరా పరుగెత్తింది. ముందుగుడ్డ నిండా గులాబీ బురద, నోటినిండా దుమ్ము, జుట్టు ఊడి మొహాన కొడుతోంది. లారీ పక్కపలకని రెండు చేతులా బాదింది. డ్రైవరు హడలిపోయి ఆపాడు.

"దిగు!"

"దిగి ఏం చెయ్యను?" అన్నాడు రోసెందో పైనుంచి.

"ఓరి నీ తెలివి తెల్లారా! పూడ్చిన రాయి నేను పరాయివాళ్ళకిస్తాను. నువ్వు పరాయివాడివి కాదనే పూడ్చలేదు! తెలిసిందా?"

గుమ్మాల్లోకి జనం వచ్చేశారు. పోయే సిగ్గు ఎలాగూ పోయిందనుకుందో ఏమో, ఎదెల్మిరా గొంతు ఇంకా పెంచింది. "నువ్వు నాకు కావాలి. రాళ్ళతో కాదు, నోటితో చెబుతున్నా. ఊరంతా వింటోంది, నువ్వూ విను!"

పరుపు తాడు మళ్ళీ బిగిస్తున్న రోసెందో చేతులు ముడి మీద ఆగిపోయాయి.

"ఈ మాట ముందే అనుంటే..."

"అనాల్సింది నువ్వు! నోరుందా అసలు నీకు?"

పరుపు చుట్ట ధబ్బున దుమ్ములో పడింది. దాని వెనకే కెటిల్. రోసెందో మాత్రం ఇంకా పైనే ఉన్నాడు, పలక పట్టుకుని ముందుకు వంగి. మెడ నరాలు పొంగేలా అరిచాడు.

"ఎదెల్మిరా! నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

సోండా గాలి ఒక్క విసురు విసిరి ఆ మాటలో సగం ఎత్తుకుపోయింది.

"ఏమిటీ? వినపడలేదు, మళ్ళీ అను," అంది ఎదెల్మిరా.

ఆమెకి శుభ్రంగా వినపడింది.