సెంటీ శివాని

రామసుబ్బమ్మకు ముగ్గురూ కొడుకులే. అందుకని మరిది కూతురు శివానిని పక్కన కూర్చోబెట్టుకుని జడ వేస్తూ ఎప్పుడూ ఒకటే మాట అడిగేది. "నేను పోతే శోకం పెట్టేదానికి నాకు ఆడబిడ్డ లేదు. నువ్వే పెట్టాల పాపా." శివాని నవ్వి సరేననేది. కోడుమూరు పక్కన వాళ్ల ఊళ్లో ఆడబిడ్డ శోకం పెట్టకుండా ఏ తల్లినీ వాకిలి దాటించరు.

రెండేళ్ల కిందట శివాని నాన్న నారాయణ పోయాడు. ఆ రోజు ఆమె తండ్రి కాళ్లు పట్టుకుని, ఆయన వేయించిన బోరు, కొనిచ్చిన సైకిలు, అన్నీ తలుచుకుంటూ గొంతు పోయేలా ఏడ్చింది. రామసుబ్బమ్మ పెద్ద కొడుకు అవినాష్ ఆ ఏడుపును ఫోన్లో ఫోటో తీశాడు. కల్లూరులో ప్లాట్లు అమ్మే పెద్దమనిషి, ముప్పై దాటినవాడు, చేసిన పని చూడండి. నోరు తెరిచి ఏడుస్తున్న ఆ ముఖాన్ని స్టిక్కరు చేసి, కింద 'సెంటీ శివాని' అని రాసి, బంధువుల పిల్లలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పడేశాడు.

ఇక మొదలైంది. క్రికెట్లో ఓడితే సెంటీ శివాని. బస్సు తప్పిపోతే సెంటీ శివాని. బిర్యానీలో ముక్క తగ్గినా ఆమె ముఖమే. ఇదేం పనని నిలదీస్తే, మూడాఫ్ అవ్వద్దు, లైట్ తీస్కో అన్నాడు అవినాష్. నారాయణ సంవత్సరీకం నాడు ఆమె కళ్లు చెమర్చగానే అవినాష్ పెళ్లాం, సెంటీ మోడ్ ఆన్ అని నవ్వింది. ఆ తర్వాత శివాని ఎవరి ముందూ ఏడవలేదు. ఏడుపు వచ్చినప్పుడల్లా మింగేసి, దాని చోట కసి పెంచుకుంది. కసికి నీళ్లు పోయనక్కర్లేదు, మా ఎండల్లో కూడా ఏపుగా పెరుగుతుంది.

మొన్న రామసుబ్బమ్మ గుండె ఆగి పోయింది.

శివాని వెళ్లేసరికి పాడె సిద్ధంగా ఉంది. అందరూ ఆమె కోసమే కాచుకుని ఉన్నారు. అవినాష్ ఎదురొచ్చి ఆమె చేతులు పట్టుకున్నాడు. "నీకోసరమే ఆపినాం పాపా. అమ్మకు నువ్వే శోకం పెట్టాల" అంటూ అంతమందిలో భోరుమన్నాడు. నోరు తెరుచుకుపోయింది, ముక్కు కారుతోంది.

రెండేళ్లుగా ఆమె ఎదురుచూసిన ముఖం అదే. చేతులు విడిపించుకుని ఫోను బయటికి తీసింది. ఎత్తి పట్టుకుని, తొందరేమీ లేకుండా, ఒక్క ఫోటో తీసింది.

"లైట్ తీస్కో అన్నా" అంది. "శానా సెంటీ అయితాండావు."

అవినాష్ మొహం మాడిపోయింది. చెయ్యి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగాడు. శివాని కడుపు చల్లబడింది. నిజం చెప్పాలంటే అంత హాయి ఆమె ఈ రెండేళ్లలో ఎరగదు.

ఆ హాయితోనే వెళ్లి పెద్దమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. నాన్న పోయిన రోజు తనను పొదువుకుని తనతో పాటు ఏడ్చింది ఈ మనిషొక్కతే. శివాని నోరు తెరిచి "పెద్దమ్మా" అంది. తర్వాతి మాట రాలేదు. మళ్లీ అంది. జడలు వేసిన ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని చూసింది. కళ్లు పొడిగానే ఉన్నాయి. భయం వేసింది, ఏడుపు మాత్రం రాలేదు.

చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు శానాసేపు కాచుకున్నారు. చివరికి పాడె మోసేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని వంగారు. రామసుబ్బమ్మ శోకం లేకుండానే వాకిలి దాటింది.