మోకాళ్ళ పొడి

కలకత్తా ఖిదిర్‌పూర్ ఓడల డాకులో నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు క్రేను నడిపాను. పొద్దున్న ఆరింటికి నిచ్చెన ఎక్కితే మళ్ళీ మధ్యాహ్నం రెండింటికే దిగేవాణ్ణి. ఆ క్యాబిన్‌లో ఒంటేలుకి చోటుండదు. తోటివాళ్ళు అందుకోసం సీసాలు పట్టుకుని ఎక్కేవారు. నేను వాళ్ళని ఆడిపోసుకునేవాణ్ణి. "గురువులు ఎక్కినాడంటే షిఫ్టు అయ్యీదాకా దిగడు" అని మా మేస్త్రీ నా పేరు పెట్టి అందరి ముందూ అనేవాడు. ఆ మాటకి ఎంత ఉబ్బిపోయేవాణ్ణో తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. గర్వపడ్డానికి మనిషికి ఇంకేమీ దొరకలేదా?

రిటైరైన కొన్నాళ్ళకి ఆ గర్వం కాస్తా దిగిపోయింది. అరగంటకోసారి వెళ్ళాలి. వెళ్తే రాదు. గోడకేసి చూస్తూ నిలబడి నిలబడి చివరికి నాలుగు చుక్కలు. పోనీ ఎవరూ చూడకుండా వెళ్దామా అంటే, మేముండే లైను ఇళ్ళన్నిటికీ మరుగుదొడ్లు ఆ చివర నాలుగే ఉన్నాయి. వాటికి ఎదురుగానే కుళాయి. లైనులో ఉన్న ఆడవాళ్ళందరూ బిందెలతో అక్కడే ఉంటారు. నేను లోపలికి వెళ్ళడం, రావడం, నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరగడం అన్నీ వాళ్ళ కళ్ళ ముందే. ఒకరోజు పంచె తడిసిపోతే, కాలు తగిలినట్టు నటించి ఎవరిదో బకెట్ తన్నేశాను. నీళ్ళు నా మీద పడ్డాయి. "కళ్ళు కనపడవేటి బావా" అని ఆ బకెట్టావిడ నన్ను తిట్టింది. ఆ తిట్లు వింటూ, హమ్మయ్య గట్టెక్కాను అనుకున్నాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు కదా అంటారు. వెళ్తే ఆసుపత్రిలో చీటీ రాసే కిటికీ దగ్గర ఏం రోగమో చెప్పాలి. నా వెనక వరసలో మా లైనువాళ్ళు ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. అందుకని బజారులో మూలికలు అమ్మేవాడి దగ్గరికి పోయాను. డబ్బా మీద బొమ్మ చూసి తీసుకున్నాను. అందులో ఓ ముసలాయన గోడవైపు తిరిగి, కాళ్ళు మెలేసుకుని నిలబడ్డాడు. ఆ బొమ్మతో ఇంటికి ఎలా తీసుకెళ్తాను? దారిలోనే పొడిని సీసాలో పోసుకుని డబ్బా పారేశాను. రోజుకి ఎంత తినాలో రాసి ఉందని డబ్బా మీది బొమ్మ కాగితం మాత్రం ఊడదీసి, మడిచి కళ్ళజోడు పెట్టెలో దాచాను.

"ఏటది మావా?" అంది నా భార్య అప్పాయమ్మ.

"మోకాళ్ళకి. క్రేను ఎక్కీ దిగీ అరిగిపోనాయి కదా."

పది రోజుల్లో పొడి పని చేసింది. ధారగా వచ్చింది. ఆ సంబరంలో నేను చకచకా నడుస్తుంటే, అప్పాయమ్మ నా మోకాళ్ళు బాగుపడ్డాయని మురిసిపోయింది. మా లైనులో మందంటే ప్రసాదం. ఒకరికి గుణం కనిపిస్తే పక్కింటివాళ్ళకి చిటికెడైనా వెళ్ళాల్సిందే, లేకపోతే పిసినారి అంటారు. ఆమె తమ్ముడు దేముడు ఎదురు వరసలో ఉంటాడు. జీవితమంతా బస్తాలు మోసి మోకాళ్ళు నిజంగా పోయినవాడు. బీపీ మాత్రలు కూడా వేసుకుంటాడు. ఓ ఉదయం అప్పాయమ్మ నా సీసాలోంచి సగం పొడి వేరే సీసాలోకి వంచుతోంది.

"తమ్ముడికి ఇత్తాను. పొద్దూ మాపూ చెంచాడు తింటాడు" అంది.

నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. ఆకులూ వేళ్ళే కదా, ఏం చేస్తాయిలే అనుకున్నాను. నిజం అది కాదు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. అది నా నోట రాలేదు.

నాలుగో రోజు పొద్దున్న దేముడు టీకొట్టు బల్ల మీంచి లేచి, లేచినవాడు లేచినట్టే పడిపోయాడు. నుదురు చిట్లింది. టాక్సీలో ఆసుపత్రికి తీసుకుపోయాం. నేనూ, అప్పాయమ్మా, వెనకే ఆటోలో లైనులో సగం మంది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్ల. బీపీ చూసి మొహం ముడుచుకుంది. బాగా పడిపోయిందట.

"బీపీ మాత్రలు కాక కొత్తగా ఏమైనా తిన్నాడా?" అని బెంగాలీలో అడిగింది.

"మోకాళ్ళ నొప్పికి పొడి" అంది అప్పాయమ్మ తనకి వచ్చిన బెంగాలీలో. "మా ఆయన కూడా తింటాడు. మంచి పొడి."

డాక్టరమ్మ నా వైపు తిరిగి, బాబాయిగారూ అన్నట్టు పిలిచి అడిగింది. "ఏం పొడి మేసోమశాయ్? డబ్బా ఉందా?"

నా జేబులో కళ్ళజోడు పెట్టె ఉంది. పెట్టెలో కాగితం ఉంది. నా చుట్టూ కుళాయి దగ్గరి ఆడవాళ్ళంతా ఉన్నారు. డాకులో నా కింద పనిచేసిన మురళీమోహన్ కూడా తలుపు దగ్గర నిలబడ్డాడు.

"డబ్బా పారేసినాను" అన్నాను. అబద్ధం కూడా కాదు. ఎంత తెలివైనవాణ్ణో చూడండి.

నొప్పుల పొడుల్లో దొంగతనంగా బిళ్ళలు నూరి కలుపుతారని, వాటితో కడుపులో పుండుపడి రక్తం కారుతుందని, అందుకే బీపీ పడిపోయి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. నిజం తెలుసుకోవాలంటే కడుపులోకి గొట్టం వెయ్యాలంది. నర్సు వచ్చింది. దేముడి ముక్కులోంచి గొట్టం లోపలికి తోస్తుంటే వాడు వాంతి చేసుకోబోతూ, కళ్ళనీళ్ళు కారుతూ, చెయ్యి గాలిలో ఊపాడు. పట్టుకోడానికి ఏదో ఒకటి కావాలి వాడికి. నా చెయ్యే దొరికింది. గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడూ నేను నోరు విప్పలేదు. విప్పలేదనే రాస్తున్నాను, ఎందుకంటే ఇది రాయకపోతే మిగతాదంతా రాసి ప్రయోజనం లేదు.

గొట్టంలో రక్తం రాలేదు. డాక్టరమ్మ తల గోక్కుంది. "అయితే ఇంకొంచెం కిందికి చూడాలి. కెమెరా వెయ్యాలి" అంది.

దేముడు నా వైపు చూశాడు. గొట్టంతో మాట రావడం లేదు. వద్దని చెప్పు బావా అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అప్పటికి నా చెయ్యి కళ్ళజోడు పెట్టె మీదికి పోయింది.

కాగితం విప్పి డాక్టరమ్మ చేతిలో పెట్టాను. బొమ్మలో ముసలాయన మడతల మధ్య నలిగిపోయినా అందరికీ స్పష్టంగా కనిపించాడు. "మోకాళ్ళకి కాదమ్మా. ఒంటేలుకి. నాకు రాటం నేదు" అని, అప్పుడు కూడా తెలుగులో గొణిగాను. ఆమెకి అర్థం కాక మళ్ళీ అడిగింది. రెండోసారి హిందీలో, పేషాబ్ అని అందరికీ వినపడేలా చెప్పాల్సి వచ్చింది.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును. "ప్రోస్టేట్ మాత్రలేవో నూరి కలిపి ఉంటారు. మీకు పని చేసింది అందుకే. అలాంటివి బీపీని దించుతాయి. ఈయన బీపీ మాత్రలు ఎలాగూ వేసుకుంటున్నాడు, రెండూ కలిసి పడేశాయి. ఇది ముందే చెబితే గొట్టం అవసరం ఉండేది కాదు" అంది. సెలైన్ పెట్టించింది. తర్వాత నాతో విడిగా మాట్లాడింది. ఈ వయసులో ప్రోస్టేట్ గ్రంథి పెరగడం చాలామందికి మామూలేనట. ఆపుకోకూడదు, సాయంత్రం తర్వాత టీ తగ్గించాలి, రోజూ నడవాలి. కానీ పరీక్ష చేయించుకోకుండా పొడులు తింటే లోపల ఇంకేదైనా ఉన్నా బయటపడదు. సోమవారం ఓపీడీకి వచ్చి చూపించుకోమంది.

సాయంత్రానికి దేముడి గొట్టం తీసేశారు. గొంతు గీరుకుపోయింది. "పోన్లే బావా. నాకు మాత్రం ఒంటేలు బాగా ఎల్లింది" అని బొంగురుగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇంటికి వచ్చాక అప్పాయమ్మ చేట ముందేసుకుని కూర్చుంది. బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా అంది.

"నీ పంచెలు ఉతికీది నానే కదా మావా. ఒంటేలు సంగతి నాకు తెల్దేటి? నువ్వే సెప్తావని ఊరుకున్నాను. పొడి సంగతొక్కటే తెల్దు."

"సిగ్గేసింది అప్పాయమ్మా."

"సిగ్గుపడు, నానొద్దన్నానా? కానీ ఆడి ముక్కులో గొట్టం ఎడతా ఉంటే సూత్తా నిలబడ్డావు. ఆడు నీ చెయ్యే పట్టుకున్నాడు."

తడిసిన పంచెకి పడ్డ సిగ్గు ఈ సిగ్గు ముందు ఏపాటిది? అన్నాళ్ళూ దేనికి సిగ్గుపడాలో కూడా తెలియకుండా బతికాను.

సోమవారం ఓపీడీకి వెళ్ళాను. వద్దన్నా దేముడు కూడా వచ్చి వరసలో నా వెనకే నిలబడ్డాడు. వాడి వెనక మా లైనువాళ్ళు ఇద్దరు, ముందు ఎవరో ఆడవాళ్ళు. కిటికీ దగ్గర గుమాస్తా తల ఎత్తకుండా "ఏం బాధ?" అని బెంగాలీలో అరిచాడు.

నమ్ముతారో లేదో, నా నోట్లోకి వచ్చిన మొదటి మాట మోకాళ్ళు.

వెనక దేముడు దగ్గాడు. కావాలని కాదు. గొంతు ఇంకా మానలేదు వాడికి.

"పేషాబ్" అన్నాను. గుమాస్తాకి వినపడలేదు. కిటికీలోకి వంగి, క్రేను మీంచి కిందనున్నవాళ్ళని పిలిచే గొంతుతో మళ్ళీ చెప్పాను.