వేరు పొయ్యి

మునెమ్మ ఇంటి వంటగదికి కిటికీ లేదు. ఒకప్పుడు ఉండేది. పెద్ద కోడలు నీరజ కాపురానికి రాకముందే, ఏదో వానకాలంలో జల్లు కొట్టి పొయ్యి తడుస్తున్నదని దాన్ని మట్టితో పూడ్చేశారు. పొయ్యి తడవకూడదు, మనుషులంటారా, తడుస్తారు, ఆరుతారు. చౌడేపల్లె దగ్గరి ఆ ఊళ్ళో అది ఎవరికీ వింతగా తోచలేదు.

పొయ్యి మునెమ్మ చేతుల మీదుగా వేసినదే. బంకమట్టిలో తరిగిన గడ్డి, పేడ కలిపి, నానబెట్టి, తొక్కి కట్టిన రెండు కళ్ళ పొయ్యి. ముందు కంటి కింద కట్టె మండితే వెనక కంటికి సెగ దానంతట అదే పోతుంది. ముందు సంగటి ఉడుకుతుంటే వెనక పప్పు ఉడుకుతుంది. పక్కనే నేలలో దాలి, అంటే పిడకలు బూడిద కింద రోజంతా కునికే గుంట. పొద్దున అందులో దించిన పాలకుండను సాయంత్రం దాకా ఎవరూ పలకరించనక్కర లేదు. దాలి మీది పాలు ఎరుపెక్కుతాయి, అరచేతి మందాన మీగడ కడతాయి, కానీ పొంగవు. మనిషి మరిచిపోయినా పొంగవు. ఈ కథకు ఆ మాట అవసరం.

ఇంట్లో ఇద్దరు కొడుకులు. పెద్దవాడు వెంకటముని సేద్యం చూస్తాడు. చిన్నవాడు నాగేంద్ర పాల వ్యాను నడుపుతాడు. అతని భార్య షైలజ పుంగనూరులో బట్టల అంగడిలో పనికి పోతుంది. మునెమ్మ చూపు మందగించింది. కాబట్టి పొయ్యి నీరజకు మిగిలింది. ఎవరూ అప్పగించలేదు, ఆమె అడగనూ లేదు. వంగిన నడుము దగ్గరికి పనులు వాటంతట అవే నడిచి వస్తాయి.

దగ్గు మొదలై చాలా కాలమైంది. మదనపల్లె ఆసుపత్రిలో డాక్టరు ఆమె ఛాతీ ఫోటోను వెలుతురుకు పట్టి చూసి, బీడీలు తాగుతావా అమ్మా అని అడిగాడు. నీరజకు నవ్వు వచ్చింది. నవ్వు కాస్తా దగ్గయింది. పొగకు దూరంగా ఉండాలని చెప్పి పంపించాడు. తిరుగు బస్సులో కూర్చుని ఆమె ఆ మాటనే తిరగేసి చూసుకున్నది. చేపను పిలిచి తడికి దూరంగా ఉండమన్నట్టు ఉన్నది.

గ్యాసు పొయ్యి ఇంట్లో లేకపోలేదు. వంటగది మూల గుడ్డ కప్పుకుని, చుట్టాలకు కాఫీ కాచడానికి మాత్రమే బతికి ఉన్నది. నీళ్ళు కాగడానికీ పశువుల కుడితికీ ఎలాగూ కట్టెల పొయ్యి మండుతుంది గనుక, అదే గదిలో గ్యాసు వెలిగించుకుని లాభం లేదు. అందుకని ఒకనాడు, మునెమ్మ పెద్దపంజాణిలో కర్మాంతరానికి పోయినప్పుడు, నీరజా వెంకటమునీ దాన్ని మోసుకొచ్చి ముందు వసారాలో కడప బండ మీద పెట్టారు. అత్తకు చెప్పి పెట్టాలని నీరజ అనకపోలేదు. వచ్చినాక చెప్దాములే అన్నాడు వెంకటముని.

సరిగ్గా మండుతుందో లేదో చూడాలని ఆమె గిన్నెడు పాలు పెట్టి, మంట వెలిగించి, పెరట్లోకి పోయింది. మతిమరుపు వల్ల కాదు. పాలంటే పెట్టి వదిలేసేవని ఆమె చేతులకు అంతకాలంగా దాలి నేర్పిన పాఠం. పెరట్లో ఆకుకూర కోస్తుండగా కమురు వాసన వచ్చింది. పరుగెత్తి వచ్చేసరికి పాలు పొంగి, బండ మీదుగా జారి, వసారా అంచు దాటి మెట్టు మీదికి దిగుతున్నాయి. మెట్టు కింద, అప్పుడే ఆటో దిగిన మునెమ్మ నిలబడి ఉన్నది. ఎదురింటి అన్నపూర్ణమ్మ ఆమె చేతిసంచి అందుకుంటూ పాలను చూసింది.

"ఏం మునెమ్మా, పెద్ద కోడలు పాలు పొంగిచ్చిందే. ఒక మాటన్నా సెప్పలేదు మాకు. పాయసం యాడ?"

మునెమ్మ పాలు తొక్కకుండా, ఒక పక్కగా కాలు పెట్టి లోపలికి పోయింది.

ఆ పక్క ఊళ్ళలో అన్నదమ్ములు విడిపోయిన సంగతి కాగితాల వల్ల తెలియదు. పాసుపుస్తకం తండ్రి పేరుమీదే మురుగుతూ ఉంటుంది. ఒకే కప్పు కింద రెండో పొయ్యి వెలిగి, దాని మీద పాలు పొంగిన రోజున ఆ ఇల్లు రెండిళ్ళు. వేరు పొయ్యి పెట్టినారు అంటే ఊరికి ఇక వివరం అక్కరలేదు.

సాయంత్రానికి షైలజ తన కంచాలు, గ్లాసులు విడిగా తీసి పెట్టుకున్నది. కోపంతో కాదు, మర్యాదకు. అదే నీరజకు ఎక్కువ తగిలింది. నాగేంద్ర చెప్పులు విడిచి, అన్న పక్కన కూర్చుని, పొద్దున కురిసిన చినుకుల గురించి మాట్లాడి, ఆ గొంతుతోనే అడిగాడు.

"బోరు నీళ్ళు ఎట్ల సేద్దాం అన్నా? దినం మార్చి దినం పెట్టుకుందామా?"

వెంకటముని భార్య వంక చూశాడు.

పాలు వాటంతట అవే పొంగాయని చెప్పవచ్చు. కానీ ఇన్నేళ్ళు పొయ్యి ముందు కూర్చున్న మనిషికి పాలు ఎప్పుడు పొంగుతాయో తెలియదంటే ఎవరు నమ్ముతారు? ఆమె పనితనమే ఆమె మీద సాక్ష్యం చెబుతున్నది. పైగా చెప్పడానికి ఊపిరి కావాలి. చెప్పకపోతే? ఆ ఆలోచన రాకపోలేదు. ఊరుకుంటే చాలు, తప్పు తనంతట తానే నిజమైపోతుంది. వసారా, గ్యాసు, గాలి తనవవుతాయి. అటువైపు షైలజ పొద్దున పోతే చీకటి పడినాక గానీ రాదు. అప్పుడు ఆ కిటికీ లేని గదిలో, ఆ పొయ్యి ముందు చూపానని కళ్ళతో ఎవరు కూర్చుంటారో నీరజకు తెలుసు. కుప్పంలో పుట్టింటికి పోయి నాలుగు రోజులు పడుకుందామా అనుకున్నది. అక్కడా నాలుగోనాడు వదిన చీపురు చేతికిస్తుంది.

ఆ రాత్రి మునెమ్మ అన్నం ముట్టలేదు. తెల్లవారి నీరజ పొయ్యిలో బూడిద తీస్తుంటే వచ్చి పీట మీద కూర్చున్నది.

"నీకు వేరు గావాల్నా, పొగ లేకుంటే సాల్నా? రెండూ ఒకటి గాదు. సూసుకోని సెప్పు."

నీరజ బూడిదంతా తట్టలోకి ఎత్తింది.

"పొగ లేకుంటే సాలత్తా. పాలు అవే పొంగినాయి. నేను సూసుకోలేదు."

"సూసుకోలేదంటే ఊరు నమ్మదు."

"నువ్వు?"

"దాలి అలవాటు సేసింది నేనే గదా," అన్నది మునెమ్మ.

తర్వాత ఆమె కట్టెలు రాజేయించి, కొబ్బరి మట్ట ముక్క ఒకటి అంటించి, మంట ఆరకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని లేచింది. నడవ దాటి, కొడుకుల పక్కగా, షైలజ పక్కగా, తడుముకుంటూ వసారాలోకి వచ్చింది. వీధిలో అన్నపూర్ణమ్మ ముగ్గు వేస్తున్నది. ఆమె తలెత్తేదాకా ఆగి, మునెమ్మ నీరజను గ్యాసు తిప్పమని, చేతిలోని నిప్పు తాకించింది. నీలి మంట లేచింది.

"ఆ నిప్పే ఈడికి వచ్చింది. పొయ్యి ఒకటే, కాలు ఒకటి బయట పెట్టింది, అంతే. దినామూ ఇట్లనే ఎలిగిచ్చేది." ఆపైన చిన్న కొడుకు వైపు తిరిగింది. "బోరు సంగతి ఎత్తినోనికి ఈ పొద్దు సంగటి లేదు."

నాగేంద్ర తల గోక్కున్నాడు. షైలజ కంచాలు మళ్ళీ లోపలికి చేరాయి. ఇల్లు నిలిచింది. అందరూ పనులకు పోయినాక నీరజ బండకు ఆనుకుని కూర్చున్నప్పుడు గానీ ఆ తీర్పులోని మెలిక ఆమెకు అందలేదు. దినామూ నిప్పు రావాలంటే దినామూ ముందు ఆ పొయ్యి రాజాలి. కిటికీ లేని గదిలో, తడి కట్టెలతో, ఎవరో ఒకరు ఊదాలి. ఆమెకు ఏడుపు రాలేదు. అలసటకు అంత ఓపిక కూడా ఉండదు.

మరునాడు ఎప్పటిలాగే లేచి వంటగది వైపు పోయింది. తలుపు మూసి ఉన్నది. లోపల ఊదుగొట్టం చప్పుడు. ఊది, ఆగి, మళ్ళీ ఊది. నడుమ ముసలి దగ్గు. నీరజ తలుపు మీద చెయ్యి వేసింది.

"ఆడనే ఉండు," అన్నది లోపలి నుంచి అత్త గొంతు. "అంటుకుంటే నేనే తెస్తాను. పొగ బయటికి రానీకు."

నీరజ చెవి ఒగ్గింది. చప్పుడును బట్టే కట్టె పచ్చిదని ఆమెకు తెలుస్తున్నది; సన్నపుల్లలు అడుగున పెట్టలేదనీ తెలుస్తున్నది. చెబుదామని నోరు తెరిస్తే, దగ్గు ముందొచ్చింది. చెయ్యి తీసేసి వసారాలోకి పోయింది. గ్యాసు అంటించే లైటరు మేకుకు వేలాడుతున్నది. దాన్ని తాకలేదు. పాలగిన్నె గ్యాసు పొయ్యి మీద పెట్టుకుని, దాని ముందు కూర్చున్నది. ఆ వేళప్పుడు ఊరికే కూర్చోవడం ఆమెకు అలవాటు లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నది, తీసింది, మళ్ళీ పెట్టుకున్నది. లోపల ఊదుగొట్టం ఆగి, చాలాసేపటికి మళ్ళీ మొదలైంది.

పొయ్యి ఇంకా వెలగలేదు. అయినా ఆమె పాలమీది నుంచి చూపు తియ్యలేదు.