పాత సూటు తొక్క

మా స్కెల్‌విక్ ఊరి సముద్రంలో ఫిబ్రవరి నెలలో చెయ్యి పెడితే ముందు మంట పుడుతుంది, తర్వాత నొప్పి, ఆ తర్వాత ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడానికే భయపడాలి. బోర్డు వేసుకుని అలల మీద ఆడేవాళ్ళకి మావాళ్ళు మొట్టమొదట నేర్పేది ఈత కాదు, బోర్డు మీద నిలబడడమూ కాదు. బొటనవేలిని చిటికెనవేలికి తాకించి చూసుకోవడం. తాకితే ఇంకాసేపు ఉండొచ్చు. తాకకపోతే ఒడ్డెక్కెయ్యాలి.

నేను బోర్డు ఎక్కినదాన్ని కాదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు చేపల షెడ్డులో హాడక్ చేపల తోలు ఒలిచాను. ఆ చేత్తోనే ఊళ్ళో చిరిగిన వెట్‌సూట్లన్నీ, అంటే చలి ఆగడానికి నీళ్ళలో తొడుక్కునే రబ్బరు సూట్లన్నీ, అతికాను. చదువు అబ్బలేదు గానీ, ఎవరి సూటు ఏ ఏడాది ఏ మోచేతి దగ్గర చిరిగిందో ఇప్పటికీ చెప్పగలను.

మొదట్లో సూటంటే సముద్రంలోని చమురు బావుల దగ్గర మునిగే డైవర్లు వాడి పారేసినదే. లారీ టైరు తొడుక్కున్నట్టుండేది. కుట్టేటప్పుడు సూది ఆ పక్క నుంచి ఈ పక్కకి దిగిపోయేది, దిగిన ప్రతి చిల్లులోంచీ నీళ్ళే. వీపు మీద పొడవాటి జిప్పు. పెద్ద అల మీద పడిందంటే దాని సందుల్లోంచి వెన్నుపూస పొడుగునా చన్నీళ్ళు జారేవి. మగవాళ్ళు లోపల ఉన్ని స్వెటర్లు వేసుకునేవాళ్ళు, చేతులకి గిన్నెలు తోముకునే రబ్బరు తొడుగులు. దిగేముందు మెడలోంచి కెటిల్ నీళ్ళు పోయించుకునేవాళ్ళు. సముద్రంలోకి వెళ్ళాక సూటులోనే ఉచ్చ పోసుకుని ఒక్క నిమిషం స్వర్గం చూసేవాళ్ళు. ఆ సూట్లు ఉతికింది ఆడవాళ్ళం కాబట్టి ఆ స్వర్గం వాసన ఎలా ఉంటుందో మాకు బాగా తెలుసు.

అల మొట్టమొదట విరిగే చోటుని మొన అంటారు మావాళ్ళు. మొన మీద కూర్చున్న మనిషిదే మంచి అల. ఆ చోటు ఎవరిదో మా ఊళ్ళో చలే తేల్చేది. అందరికంటే ఎక్కువసేపు ఎవరు ఆగితే వాళ్ళది. ఇరవై నిమిషాలకే అందరి వేళ్ళూ కొయ్యబారిపోతుంటే మా మరిది మర్డో యాభై నిమిషాలు ఉండేవాడు. అల మీద వాడి ఆట గొప్పదేం కాదు. ఒంటె లేచినట్టు లేచేవాడు. కానీ చలికి ఆగేవాడు. అందుకే ముప్ఫై ఏళ్ళు మొన వాడిది. పెళ్ళి చేసుకోలేదు. చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లే లారీ నడిపేవాడు.

తర్వాత కొత్త సూట్లు వచ్చాయి. మొదటిది నా చేతికి బాగుకి వచ్చినరోజు దాన్ని తిరగేసి చూసి, అలాగే కుర్చీలో కూలబడిపోయాను. ఆ రబ్బరు సున్నపురాయితో చేస్తారట. పూరీ పిండిలా సాగుతుంది. అంచులు ముందు జిగురుతో అతికి, సూది సగం మందం వరకే దిగేలా కుట్టి, పైన రబ్బరు పూత పూశారు. చిల్లన్నది లేదు. లోపల గొర్రెపిల్ల బొచ్చు లాంటి గుడ్డ. జిప్పు వీపు మీద నుంచి ఛాతీ మీదికి వచ్చేసింది, టోపీ సూటుతోనే కలిసిపోయింది. తడిసిన పాత సూటుని ఇద్దరు మొయ్యాలి. దీన్ని రెండు వేళ్ళతో ఎత్తి తీగ మీద వేశాను. ఇది తొడుక్కున్న మనిషి మంచు పడుతుంటే మూడు గంటలు నీళ్ళలో ఉండి, బయటికొచ్చి, కాస్త ఉక్కగా ఉందే అంటాడు.

మంచిదే కదా. చలికి చచ్చిపోయిన పిల్లల్ని చూసినదాన్ని, నేను వద్దంటానా? కానీ మర్డో గొప్పతనమంతా ఆ చలిలోనే ఉండిపోయింది. ఇన్వర్నెస్ పట్నం నుంచి వచ్చిన బ్యాంకు గుమాస్తా కూడా వాడికంటే ఎక్కువసేపు కూర్చుంటున్నాడు. మావాడేమో పంతంగా పాతసూటే వేసుకునేవాడు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. పావుగంటకే పళ్ళు టకటకలాడేవి. అయినా పాత మర్యాద కొద్దీ జనం మొన దగ్గర పక్కకి జరిగేవాళ్ళు.

జరగనిది ఒక్క మోర్వెన్. చచ్చిపోయిన కెనెత్ కూతురు. కెనెత్, మర్డో ఒకే ఏడాది సముద్రంలో దిగినవాళ్ళు. ఆ పిల్ల గొర్రెల సంతలో పనిచేసేది. అల మీద దానిలా ఆడిన మనిషిని మా ఒడ్డున నేను చూడలేదు. పదమూడేళ్ళ కిందట ఒక పొద్దున్న ఒడ్డు మీదే ఇద్దరికీ పడింది.

"ఆ అల నాది బాబాయ్. నువ్వు బోర్డు తిప్పుకునేలోపు నేను లేచి నిలబడ్డా."

"మొన మీద ఎవరున్నారే?"

"నువ్వే. పది నిమిషాలు. ఆనక పోయి కారు హీటరు ముందు చేతులు చాపుకుని కూర్చున్నావు. నేను రెండు గంటల్నించీ ఇక్కడే ఉన్నా."

"ఉన్నది నువ్వు కాదే, నీ సూటు. దాన్ని ఒక్కదాన్నీ పంపినా అలలెక్కి, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తుంది."

అందరూ పగలబడి నవ్వారు. మోర్వెన్ నవ్వలేదు.

"సరే, విప్పేస్తా. నాన్న సూటు అటక మీదుంది. నీదీ ఆయనదీ ఒకే ఏడాదివి కదా. వచ్చే శనివారం ఇద్దరం పాతవే తొడుక్కుందాం. ముందు ఒడ్డెక్కినవాళ్ళు మొన వదిలెయ్యాలి. జన్మలో మళ్ళీ అడక్కూడదు."

ఇంతమంది ముందు ఆడపిల్ల అలా అన్నాక వాడు కాదనగలడా? సరేనన్నాడు.

సోమవారం మధ్యాహ్నం నా షెడ్డుకి వచ్చాడు. చంకలో సంచి.

"వదినా, తలుపెయ్యి."

"ఏంట్రా, ఎవర్నైనా చంపొచ్చావా?"

"ఇంకా లేదులే."

సంచిలోంచి కొత్త సూటు తీశాడు. తనని ఎవరూ ఎరగని ఊరు వెళ్ళి కొనుక్కొచ్చాడట. పక్కన తన పాతసూటు పడేశాడు.

"దీని మీద దాని తొక్క వెయ్యగలవా?"

నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక చేతిలో జిగురు బ్రష్షు వాడి మొహాన కొట్టాను.

"సిగ్గులేదట్రా? కెనెత్ కూతురది. నీ చేతుల్లో పెరిగింది."

"సిగ్గుండబట్టే నీ దగ్గరికొచ్చా. నాకేవుంది వదినా? పెళ్ళాం ఉందా, పిల్లలున్నారా? ఇల్లు కౌన్సిలుది, లారీ కౌన్సిలుది. పొద్దున్నే నేను వెళ్తే నలుగురు పక్కకి జరుగుతారు చూడు, అదొక్కటే నాది. అది పోతే ఉప్పు చల్లుకునే ముసలాణ్ణి, అంతే."

మొహాన జిగురు కారుతుంటే తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాడు. నా మొగుడు పోయిన పదకొండు చలికాలాలూ నా పొయ్యికి బొగ్గులు మోసుకొచ్చి పడేసినవాడు వాడు. ఒక్కరోజు మానలేదు. అది గుర్తొచ్చింది. ఇంకోటి కూడా ఉంది, దాచడమెందుకు. చెయ్యగలనా లేదా అని నా చేతులు దురద పెట్టాయి.

చేప కత్తి నూరుకుని కూర్చున్నాను. పాతసూటు పైగుడ్డని కింద రబ్బరు నుంచి హాడక్ తోలు ఒలిచినట్టు ఒలిచాను. మూడురోజులు పట్టింది. మోచేతి అతుకులు, మోకాలి అతుకులు, మెడ దగ్గర పీచులు లేచిన పట్టీ, ఒక్కటి పోనివ్వలేదు. దాన్ని కొత్తసూటు మీద పరిచి జిగురు పెట్టి నొక్కాను. అయిపోయాక చూస్తే అచ్చం వాడి పాతసూటే. లోపల చెయ్యి పెడితే గొర్రెపిల్ల.

గురువారం మోర్వెన్ వచ్చింది, కెనెత్ సూటు పట్టుకుని.

"పెద్దమ్మా, మోకాలు దగ్గర కాస్త అతికి పెట్టవూ?" అని, సూటుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇంకా నాన్న వాసనే."

"అది మీ నాన్న ఉచ్చ వాసనే తల్లీ."

ఇద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే అన్నాను: "కుట్లన్నిటి మీదా కొత్త రబ్బరు పూత పూసేస్తానే. చుక్క నీరు దిగదు. ఎవరికి తెలుస్తుంది?"

"వద్దొద్దు. బాబాయిది ఎలా ఉందో నాదీ అలాగే ఉండాలి. గెలిస్తే సరిగ్గా గెలవాలి."

మోకాలు ఒక్కటే అతికిచ్చాను.

శనివారం పొద్దున్న పదింటికి గాలి నేల మీద నుంచి సముద్రం మీదికి కొడుతోంది. బళ్ళ అద్దాల మీద మంచు గీకినా పోవడంలేదు. ఊరంతా ఒడ్డుమీదే ఉంది, చేతుల్లో వేడి వేడి చేపల సూపు. గడియారం నా చేతికిచ్చారు. నా మొగుడి బైనాక్యులర్సు మెళ్ళో వేసుకున్నాను. పాత పద్ధతే: పది నిమిషాలకోసారి నేను ఎర్రగుడ్డ ఊపితే ఇద్దరూ చెయ్యెత్తి, బొటనవేలు చిటికెనవేలికి తాకించి చూపించాలి. తాకకపోతే నేను ఈల వెయ్యాలి. ఈల పడితే ఓడినట్టు. ఇంకెవరి మాటా నమ్మరు, డోలీనా మాటైతే, అంటే నా మాటైతే, నమ్ముతారు. అలా అన్నారు, నా ముందే.

అరగంట దాకా మోర్వెన్ ఆటే చూశాం. ఆ బండసూటులో కూడా అది అల మీద గీత గీసినట్టు వెళ్ళింది. యాభయ్యో నిమిషంలో పడిపోయింది. కింద బండలకి ఎడమచేతి తొడుగు చిరిగిపోయింది. అది పళ్ళతో ఆ ముక్క పీకి పారేసి, మళ్ళీ మొన దగ్గరికి వెళ్ళి కూర్చుంది. మర్డో పక్కనే ఉన్నాడు. వాడి చేతులకీ ఆ గిన్నెల తొడుగులే. కానీ ఒళ్ళు వెచ్చగా ఉంటే వేళ్ళకి రక్తం ఆడుతుంది. గుడ్డ ఊపిన ప్రతిసారీ టక్కున తాకించేవాడు.

డెబ్బయ్యో నిమిషంలో గుడ్డ ఊపాను. మోర్వెన్ ఎడమచెయ్యి ఎత్తింది. బొటనవేలు కదిలింది, సగం దూరం వచ్చి ఆగిపోయింది.

ఈల నోట్లోనే ఉంది. ఊదలేదు.

ఎందుకు ఊదలేదో చెప్తాను, తిట్టుకుంటే తిట్టుకోండి. ఊదితే ఆ పిల్ల ఓడిపోతుంది, అదీ నా మోసంతో. ఒక్క అయిదు నిమిషాలు ఆగితే మర్డోకే సిగ్గొచ్చి ఒడ్డెక్కేస్తాడు, పిల్ల నిజంగా గెలుస్తుంది అనుకున్నాను. బైనాక్యులర్సులో వాడి మొహం నాకు కనిపిస్తూనే ఉంది. వాడు నావైపే చూస్తున్నాడు, ఈల వెయ్యవేంటి అన్నట్టు. నేను వాడివైపు చూస్తున్నాను, నువ్వు రావేంట్రా అన్నట్టు. మధ్యలో మోర్వెన్ కూర్చుని ఉంది. పెదాలు నీలంగా అయిపోయాయి. వణుకు కూడా ఆగిపోయింది. వణుకు ఆగిందంటే ఏంటో నాకు తెలుసు. వాడికీ తెలుసు.

"తాకించిందా?" అన్నాడు వెనకనుంచి ఎవరో.

"తాకించింది," అన్నాను.

ఎనభయ్యో నిమిషంలో కూడా అదే మాట అన్నాను. తొంభయ్యో నిమిషంలో గుడ్డ ఊపితే దాని చెయ్యే లేవలేదు. ఈల నోట్లో పెట్టుకునేసరికి బోర్డు మీద నుంచి పక్కకి ఒరిగి, చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారిపోయింది.

మర్డోయే దూకాడు. జుట్టు పట్టుకుని పైకి లాగి, తన బోర్డు మీద బోర్లా పడుకోబెట్టి, రెండొందల గజాలు తోసుకుంటూ తెచ్చాడు. బండల మీద భుజాన వేసుకుని నడిచాడు. వాడికి ఓపికెందుకుండదు? ఒళ్ళంతా గొర్రెపిల్ల. కానీ చూసిన జనానికి అదేం తెలుసు?

"తొంభై నిమిషాలుండి, మళ్ళీ పిల్లని మోసుకొచ్చాడురా! మనిషా, వాల్రసా!" అని చప్పట్లు కొట్టారు. కొందరు ఏడ్చారు.

మోర్వెన్ బతికింది. ఎడమచేతి రెండు వేళ్ళు నల్లబడితే ఆస్పత్రిలో రెండో కణుపు దగ్గర తీసేశారు. నెలన్నర తర్వాత ఇంటికొచ్చి, పెట్టె కూడా దించకుండా ముందు మర్డో ఇంటికే వెళ్ళింది. నేను అక్కడే ఉన్నాను.

"బాబాయ్, నీ మీద నోరుపారేసుకున్నా. తప్పయిపోయింది. నువ్వు లేకపోతే నేను లేను." అని కట్టు కట్టిన చేత్తో వాడి చెయ్యి పట్టుకుంది. వాడు కెటిల్ పెట్టాలంటూ లేచి వంటింట్లోకి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాలేదు. వెళ్ళి చూస్తే కెటిల్లో నీళ్ళే లేవు, కింద మంట మాత్రం మండుతోంది.

"చెప్పరా," అన్నాను.

"నువ్వు చెప్పు," అన్నాడు.

ఇద్దరం చెప్పలేదు. ఆరోజు చెప్పనిది మర్నాడు ఇంకా కష్టమైంది, ఏడాది తిరిగేసరికి చెప్పడానికి నోరే లేకుండా పోయింది.

అప్పటినుంచీ మొనకి కాపలాదారు ఆ పిల్లే. కొత్తవాళ్ళు ఎవరైనా వాడి చోటుకి దగ్గరగా వస్తే మీదపడి అరుస్తుంది. పాతసూటుతో ఆ మనిషి ఏం చేశాడో తెలుసా మీకు, అంటుంది. ఆ కథ పబ్బులో చెప్పీ చెప్పీ తొంభై నిమిషాలు ఇప్పుడు రెండు గంటలైంది.

మర్డోకి ఇప్పుడు డెబ్బై ఒకటి. మోకాళ్ళు అరిగిపోయాయి. అల మీద లేచి నిలబడి నాలుగేళ్ళయింది. అయినా మంచి అలలు వచ్చిన ప్రతి పొద్దున్నా మోర్వెన్ బండి తెచ్చి ఆపుతుంది. లోపలి బొచ్చు ఎవరి కంటా పడకూడదు కాబట్టి వాడికి సూటు తొడిగేది నేనే, నా షెడ్డులో, తలుపు గడియ పెట్టి. పైతొక్క బిగుసుకుపోయి సాగదు. ఎనభై ఏళ్ళ ముసలిది డెబ్బై ఏళ్ళ ముసలాణ్ణి అందులోకి దూర్చడానికి అరగంట పడుతుంది.

మొన్న మంగళవారం చెయ్యి దూర్చుతుంటే అరిచాడు. భుజం పట్టేసింది.

"ఇక నావల్ల కాదు వదినా. ఇవాళ చెప్పేస్తా."

"చెప్పు. నేను పక్కనే ఉంటా."

తలుపు తీశాం. మోర్వెన్ బయట నిలబడి ఉంది, ఒంటి మీద కొత్తరకం సూటు, చంకలో వాడి బోర్డు.

"మోర్వెన్," అన్నాడు, "ముసలాణ్ణయ్యానే. మొన నీకిచ్చేస్తున్నా. నువ్వు కూర్చో ఇక."

"నేనా?" అని నవ్వింది. "నేను ఓడిపోయినదాన్ని బాబాయ్. మాటంటే మాటే. నువ్వు బతికుండగా అక్కడ ఇంకెవడైనా కూర్చుంటే ఈ చేత్తోనే లాగి పారేస్తా." ఎడమచెయ్యి వాడి మొహం ముందు ఆడించింది.

వాడు ఆ చేతిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను సముద్రాన్ని చూశాను.

"ఆటు పోటుకి తిరిగిందా?" అని అడిగాడు దాన్ని.

"పావుగంటలో తిరుగుతుంది."

"అయితే పద."

బండల మీద జారకుండా వాడి నడుం చుట్టూ చెయ్యేసి తీసుకెళ్ళింది. మొన దగ్గర ఉన్న ఎడిన్‌బరో కుర్రాళ్ళని అరిచి జరిపించి, మధ్యలో వాణ్ణి కూర్చోబెట్టింది. అలలు వస్తున్నాయి. వాడు ఒక్కదానికీ లేవలేదు. నేను బండిలో కూర్చుని అద్దం తుడుచుకుంటూ చూశాను. గంట గడిచాక ఒకసారి ఒడ్డువైపు బోర్డు తిప్పాడు. మోర్వెన్ నవ్వుతూ ఏదో అని, బోర్డుని పట్టుకుని మళ్ళీ అలలవైపు తిప్పింది.