బావ గ్లాసులో పోసింది

వీధి మలుపులో ఉన్న బార్ అండ్ రెస్టారెంటుకు బోర్డు మీద ఏదో పెద్ద పేరే ఉంది. అయినా చుట్టుపక్కల వాళ్ళందరికీ అది మూల బారే. ముందు హాల్లో పిల్లాపాపలతో వచ్చినవాళ్ళు భోంచేస్తుంటారు. చెక్క తలుపు తోసుకుని లోపలికెళితే తాగేవాళ్ళ గది. ఆ గదిలో కిటికీ పక్క టేబులు అద్దాలాయనది.

అద్దాలు కోసి ఫ్రేములు కట్టే షాపు ఆయనది. వేళ్ళ నిండా పాతవీ కొత్తవీ సన్నటి గాట్లు. మనిషి మాటకారి. ఆయన కూర్చున్న చోట నవ్వులకు కరువుండదు. ఒక పక్క బార్బరు, ఇంకో పక్క జిరాక్సు కూర్చునేవారు. జిరాక్సుకు ఫొటోకాపీ షాపు ఉన్నమాట నిజమే గానీ, ఆ పేరు అందుకు రాలేదు. ఎవరేమన్నా చివరి మాట పట్టుకుని మళ్ళీ అంటాడని బార్బరు పెట్టాడు.

నాలుగో కుర్చీ బావది. అద్దాలాయన చెల్లెలి భర్త, సిటీ బస్సు డ్రైవరు. ఒకప్పుడు బావ తాగుడికి హద్దూ పద్దూ ఉండేది కాదు. చెల్లెలు వేగలేక కూతుర్ని చంకనేసుకుని అన్నగారింటికి వచ్చేసింది. బావ ఆ గుమ్మం ముందు తల వంచుకుని నిలబడి, ఇక జన్మలో ముట్టనని మాటిచ్చి ఇద్దర్నీ తీసుకెళ్ళాడు. ఇప్పుడా కూతురు హైస్కూలుకు వచ్చింది. బావ మాట తప్పలేదు.

అయినా సెలవు రోజు సాయంత్రం మూల బారుకు రావడం మానలేదు. నిమ్మ సోడా, ఆమ్లెట్, కాసేపు కబుర్లు. చెల్లెలు కూడా అడ్డు చెప్పేది కాదు. "మా అన్నయ్య పక్కనే ఉంటాడుగా, నాకేం భయం?" అనేది.

ఆ రోజు బార్బరు కొత్త షాపుకు అద్దాలు బిగించడం పూర్తయింది. గోడ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకటే అద్దం. ఎక్కడా వంకర లేకుండా కూర్చోబెట్టాడు అద్దాలాయన. ఆ సంబరంలో బార్బరు అందరికీ వోడ్కా చెప్పాడు.

"బావా, ఇవాళ నా షాపు పేరు మీద ఒక్క చుక్క," అన్నాడు బార్బరు. వరస లేకపోయినా అద్దాలాయనను చూసి అందరూ అతన్ని బావా అనే పిలిచేవారు.

"నీ షాపు పేరు మీద రెండు సోడాలు తాగుతా, పోనీ," అన్నాడు బావ.

అంతలో కూతురు ఫోన్ చేసింది. గదిలో గోలగా ఉందని బావ బయటికెళ్ళాడు. సగం తాగిన సోడా గ్లాసు టేబులు మీద ఉంది. అద్దాలాయన దానికేసి చూశాడు. నిమ్మ సోడా కలిపిన తన వోడ్కా గ్లాసుకేసి చూసుకున్నాడు. రెండూ ఒకే రంగులో ఉన్నాయి.

"బావ చేత ఇవాళ పాట పాడిద్దామా?" అని తన గ్లాసెత్తి సోడాలో వంపాడు.

"ఎందుకొచ్చిన గొడవరా, వద్దులే," అన్నాడు బార్బరు. అంటూనే నవ్వాడు.

"వద్దులే," అన్నాడు జిరాక్సు, అతనూ నవ్వుతూనే.

బావ తిరిగొచ్చి కూర్చున్నాడు. కూతురు లెక్కల పరీక్ష గురించి చెబుతూ గ్లాసు ఖాళీ చేశాడు. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకోకుండా నవ్వు బిగబట్టారు. బార్బరుకు పొలమారింది.

"ఏంట్రా ఆ ఇకిలింపులు?" అన్నాడు బావ.

ఎవరూ జవాబు చెప్పకముందే ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి డిపో వాళ్ళు. సాయంత్రం ట్రిప్పు డ్రైవరుకు జ్వరమట, మనుషుల్లేరట, కాస్త వచ్చి బండి తియ్యమని బతిమాలుతున్నారు. బావ సరేనని లేచాడు.

అద్దాలాయన నవ్వు ఆపేశాడు. "సెలవు రోజు కూడా డ్యూటీ ఏంటి బావా? రానని చెప్పెయ్."

"పాపం, బతిమాలుతున్నారయ్యా."

టేబులు కింద బార్బరు కాలితో ఒక్కటి తన్నాడు, చెప్పమని. అద్దాలాయన నోరు తెరిచాడు. చెబితే బావ మొహం ఎలా మారుతుందో కళ్ళ ముందు కనిపించింది. ఆ విషయం చెల్లెలి దాకా వెళ్తుందన్నదీ తట్టింది. పోసింది కాస్తే కదా, ఏం కాదులే అనుకున్నాడు. "జాగ్రత్తగా వెళ్ళు," అన్నాడు.

డిపో గేటు దగ్గర బస్సు ఎక్కే ముందు ప్రతి డ్రైవరూ తాగాడో లేదో చూసే మిషన్‌లో ఊదాలి. బావ ఎప్పటిలాగే ఊదాడు. మిషన్ కూసింది. వాళ్ళు మళ్ళీ ఊదమన్నారు. మళ్ళీ కూసింది. తోటి డ్రైవర్లు అందరూ చూస్తుండగా బ్యాడ్జి తీసుకుని, విచారణ అయ్యేదాకా రావద్దని పంపించేశారు.

మర్నాడు పొద్దున్నే చెల్లెలు ఫోన్ చేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"అన్నయ్యా, నువ్వు పక్కనే ఉన్నావుగా. నిజం చెప్పు. ఆయన తాగాడా?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఆయనకు మళ్ళీ దొరకలేదు. "సోడానే చెప్పాడమ్మా. నేను విన్నాను," అన్నాడు. అక్కడితో ఆగినా బావుండేది. "బేరరు గ్లాసులు మార్చేసి ఉంటాడు. నిన్న బాగా రద్దీగా ఉందిలే," అన్నాడు.

ఆ మాట పట్టుకుని చెల్లెలు, బావ మూల బారుకు వెళ్ళారు. తోడు రమ్మంటే అద్దాలాయన కూడా వెళ్ళక తప్పలేదు. ముందు హాల్లో అప్పుడే టేబుళ్ళు తుడుస్తున్నారు. ఓనరమ్మ కౌంటరు వెనకనుంచి లేచి వచ్చింది. బేరరును పిలిచింది. బారు తెరిచిన నాటినుంచీ ఉన్న మనిషి అతను. అద్దాలాయన గ్లాసులో ఐసు ఎంత వెయ్యాలో అడగకుండానే వేసేవాడు.

"నేను సోడానే ఇచ్చానమ్మా," అన్నాడు బేరరు. అద్దాలాయన వైపు తిరిగాడు. "సార్ కూడా చూశారు. సీసా టేబులు దగ్గరే మూత తీశాను కదా సార్?"

హాల్లో అందరూ ఆయనకేసే చూశారు.

"రద్దీలో... పొరపాటు ఎవరికైనా జరుగుతుంది," అన్నాడు అద్దాలాయన నేల చూస్తూ.

మీ బారు వల్ల మా ఆయన ఉద్యోగం పోయేలా ఉందని చెల్లెలు గొంతు పెంచింది. తినడానికి వచ్చిన వాళ్ళు ఇద్దరు గుమ్మంలోనే ఆగిపోయారు. ఓనరమ్మకు పరువు పోయినట్టయింది. బేరరును రేపటినుంచి రావద్దంది. అతను భుజం మీది తువ్వాలు తీసి, మడిచి, కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అద్దాలాయనకు మూల బారు గుమ్మం తొక్కబుద్ధి కాలేదు. షాపులో అద్దం మీద గీత గీస్తే వంకర పోయేది. ఇంట్లో అన్నం కెలుకుతుంటే, "ఒంట్లో బాలేదా?" అని భార్య అడిగింది. "బానే ఉంది," అన్నాడు. రోడ్డు మీద బార్బరు ఎదురైతే ఇద్దరూ వాన గురించి మాట్లాడుకున్నారు. వాన వచ్చే సూచనే లేదు.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక చెల్లెలింటికి వెళ్ళాడు. చెల్లెలు ముందు గదిలో కుట్టు మిషన్ దగ్గర కూర్చుని స్కూలు యూనిఫాంలు కుడుతోంది. మేనకోడలు గోడకానుకుని చదువుకుంటోంది.

"బావేడీ?"

"పాలకెళ్ళాడు," అంది చెల్లెలు మిషన్ ఆపకుండా. కాసేపటికి, "నువ్వు బేరరు తప్పన్నావు గానీ, నాకెందుకో నమ్మకం కుదరట్లేదు అన్నయ్యా. పాత రోజులే గుర్తొస్తున్నాయి," అంది.

బావ పాల ప్యాకెట్టు పట్టుకుని వచ్చాడు. అద్దాలాయనను చూసి నవ్వబోయాడు. అంతలో చెల్లెలు మిషన్ ఆపి లేచి అతనికి ఎదురుగా వెళ్ళింది.

"ఏదీ, ఊదండి."

బావ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత వంగి, ఆమె మొహం దగ్గర నోరు తెరిచి ఊదాడు. రోజూ చేసే పనిలాగే చేశాడు. మేనకోడలు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది.

అద్దాలాయన చెల్లెలి వైపు చెయ్యి చాచాడు. "ఆపమ్మా," అన్నాడు. "నేనే పోశాను."

"ఏం పోశావు?"

"బావ గ్లాసులో. నా గ్లాసులోది. బావ ఫోనొచ్చి బయటికెళ్ళినప్పుడు. బేరరు తప్పేం లేదు. బావ తప్పేం లేదు."

చెల్లెలు మళ్ళీ మిషన్ దగ్గర కూర్చుంది. "ఎందుకు?" అంది.

"ఊరికే. నవ్వుకుందామని."

"నవ్వారా?"

అద్దాలాయన తలూపాడు. "నవ్వాం."

చెల్లెలు తిట్టలేదు. తిడితే ఆయన ప్రాణం కాస్త తేలికపడేది. "నువ్వు పక్కన ఉన్నావని గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నాను అన్నయ్యా," అంది. "ఈయన్ని కన్నకూతురి ముందు రోజూ వాసన చూశాను. నువ్వు లే. ముందు ఇక్కడినుంచి లేచి వెళ్ళు." బావ పాల ప్యాకెట్టు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

మర్నాడు అద్దాలాయన డిపోకు వెళ్ళి మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పి, రాసిచ్చి సంతకం పెట్టాడు. తనతో పాటు వచ్చి సాక్ష్యం చెప్పమంటే బార్బరు కాస్త నసిగినా వచ్చాడు. మేనేజరు అంతా విని కళ్ళజోడు తీశాడు.

"మీ వేళాకోళాలు మిషన్‌కి తెలీవండీ. ఆ పూట ఈ మిషన్ లేకపోతే ఏమయ్యేది? బస్సు నిండా జనం," అన్నాడు.

ఆ మాట అద్దాలాయనకు అప్పటిదాకా తట్టలేదు. బావ పరువు, చెల్లెలి కన్నీళ్ళు, బేరరు పొట్ట, ఇవే ఆయన్ని కోస్తూ వచ్చాయి. బస్సెక్కే జనం ఎన్నడూ గుర్తు రాలేదు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని చేతులు చూసుకుంటూ ఉండిపోయాడు.

బావ ఉద్యోగం పోలేదు. కొన్నాళ్ళు డిపోలో బస్సులు కడిగించే పని చూడమన్నారు, తర్వాత మళ్ళీ బండి ఇస్తామన్నారు. ఆ సంగతి చెప్పడానికే బావ షాపుకు వచ్చాడనుకున్నాడు అద్దాలాయన. బావ మాత్రం షాపులో ఇంకెవరూ లేరని చూసుకుని, ఫ్రేముల మధ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"బావా, ఒక మాట. నాకు రెండో గుక్కకే తెలిసింది."

అద్దాలాయన చేతిలో కొలబద్ద ఆగిపోయింది.

"అంత తాగినోడికి ఆ రుచి తెలీదా? తెలిసింది. గ్లాసు కింద పెట్టాలనుకున్నాను. పెట్టలేకపోయాను. డిపో నుంచి ఫోనొస్తే, ఇంతేగా, మిషన్‌కి కూడా అందదు, ఏం కాదులే అనుకున్నాను. తర్వాత బేరరు తప్పన్నావు, అమ్మయ్య అనుకున్నాను. ఆ మనిషిని గెంటేస్తుంటే నీ పక్కనే నిలబడ్డానుగా." బావ పక్కనున్న ఫ్రేమును సర్ది పెట్టాడు. "ఇప్పుడు మీ చెల్లెలు నన్ను దేవుడిలా చూస్తోంది. వేడివేడిగా వడ్డిస్తోంది. ఆ ముద్ద దిగట్లేదు నాకు."

అద్దాలాయన కొలబద్ద బల్ల మీద పెట్టాడు. పోసింది తనే. పొయ్యకపోతే బావకు ఆ రెండో గుక్కే ఉండేది కాదు. "చెప్పకు," అన్నాడు చివరికి. "ఉన్న తిట్లన్నీ నాకే ఉండనీ."

"అదీ నీ మీదే వేసి నేను హాయిగా ఉండాలా?"

చివరికి ఇద్దరూ లేచి బేరరు దగ్గరికి బయల్దేరారు.

దారిలో ముందు ఓనరమ్మకు చెప్పారు. ఆమె మొహం ఎర్రబడింది. అతన్ని వెంటనే తీసుకురమ్మంది, మీరిద్దరూ మాత్రం ఇక నా లోపలి గదిలో కనపడొద్దంది. బేరరు ఒక ఆసుపత్రి క్యాంటీన్‌లో టీ కౌంటరు దగ్గర దొరికాడు. అద్దాలాయన జరిగింది చెప్పాడు. బావ తన వంతు చెప్పాడు. బేరరు ట్రేలు తుడుస్తూనే విన్నాడు.

"ఓనరమ్మ రమ్మంటోంది అన్నా. తప్పు తెలుసుకుంది," అన్నాడు అద్దాలాయన.

"నేను రాను సార్."

"కోపమా?"

"కోపమని కాదు. ఇన్నేళ్ళు చూసిన మనిషి, నన్ను ఒక్క ప్రశ్న కూడా సరిగ్గా అడగకుండా పొమ్మంది. మీరు నా మొహం చూడకుండా అబద్ధమాడారు. మళ్ళీ అక్కడికొచ్చి మీకు నవ్వుతూ వడ్డించడం నా వల్ల కాదు." ట్రే పక్కన పెట్టాడు. "వెనకాల లైనుంది సార్, కాస్త జరగండి."

వాళ్ళు జరిగారు. బయట ఆసుపత్రి గోడ పక్కన నడుస్తూ బావ, "ఇవాళ చెప్పేస్తాను మీ చెల్లెలికి," అన్నాడు. అద్దాలాయన ఆపలేదు.

రెండు రోజుల తర్వాత చెల్లెలు ఫోన్ చేసింది. వెనకాల కుట్టు మిషన్ చప్పుడు లేదు.

"ఆయన అంతా చెప్పాడు," అంది.

"ఊఁ."

"మీ ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ కోపం వస్తోందో నాకే తేలట్లేదు. తేలాక ఫోన్ చేస్తాను. అప్పటిదాకా నువ్వు చెయ్యకు."

"బావ ఎలా ఉన్నాడు?"

"ఉన్నాడు. ఊదమనడం మానేశాను. ఆయనే వచ్చి ఊదుతున్నాడు." ఫోన్ పెట్టేసింది.

అద్దాలాయన ఆమె మాట దాటలేదు. రోజూ షాపు తెరిచి, ఫోన్ బల్ల మీద కనపడేలా పెట్టుకుని పనిలో కూర్చుంటున్నాడు.