నెయ్యి డబ్బాలో కత్తెర పురుగులు

నా మరిది ఖలఫ్‌కు నోరు పెద్దది, పని చిన్నది. నా భర్త పోయి ఏడాది తిరక్కముందే రోజూ తన చేనొదిలి మా అరుగెక్కి ఒకటే పాట. "పొలం నాకిచ్చెయ్ వదినా. నీకెందుకీ ఎండలో తంటా? పంటలో సగం తెచ్చి పడేస్తాగా." ఆ ఏడు మా ఊరు కోమ్ ఓంబో చుట్టుపక్కల మొక్కజొన్నకు కత్తెర పురుగు పట్టింది. పరదేశం నుంచి వచ్చిన ఈ పురుగు మొక్క నడిమి సుడిలో దూరి లేత ఆకుల్ని జల్లెడ చేస్తుంది. మా పాత కాండం పురుగుకైనా చోటు మిగల్చలేదు. ఖలఫ్‌కు ఇంకేం కావాలి, సాగు నావల్ల కాదనడానికి సందు దొరికింది.

పొలం మా అత్త ఫహీమా పేరు మీద ఉంది. ఆమెకు విసుగొచ్చింది.

"రేపు చేను చెరి సగం పంచుకుని పురుగులు ఏరండి. మధ్యాహ్నం నమాజు వేళకు ఎవరు ఎక్కువ తెస్తే సాగు వాళ్లది. బతికున్నవే తేవాలి."

అది అత్త చిన్నప్పుడు కూలికి పత్తి చేలల్లో పురుగులు ఏరిన రోజుల నియమం. చచ్చినవి తెస్తే నిన్నటివని మేస్త్రీ తోసేసేవాడట.

నేను తెల్లవారక ముందే చేలో దిగాను. ఒక్కో సుడీ విప్పి, దొరికిన పురుగునల్లా నెయ్యి డబ్బాలో వేసి మూతపెట్టాను. ఖలఫ్ ఖర్జూర చెట్టు కింద హాయిగా గుర్రుపెట్టాడు. ఆఖరి గంటలో లేచి గబగబా నలభై ఏరి రుమాల్లో మూటకట్టాడు.

అత్త టీ పళ్లెంలో నా డబ్బా బోర్లించింది. పదకొండు. ఒక్కొక్కటీ నా వేలంత లావు.

"పొద్దున్నుంచీ పదకొండేనా వదినా? పేర్లు పెట్టి మరీ ఏరినట్టున్నావే."

రెండొందల పైనే వేశానని నాకు తెలుసు. కానీ ఎవరు నమ్ముతారు? పొలం పోయిందనుకున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి.

అత్త మాత్రం డబ్బా అడుగు గీకుతూనే ఉంది. కందిగింజ కన్నా చిన్న గోధుమరంగు తలలు రాలాయి. ప్రతి నుదుటా గుడారంలా తెల్ల గీత, కత్తెర పురుగు గుర్తు.

"కోడలా, ఇవేంటో చూడు. తలలు. ఒళ్లు తినేసి తలలు వదిలేశాయి."

ఇరుకు డబ్బాలో, మేత లేక, ఒకదాన్నొకటి తిన్నాయి. ఖలఫ్ నిద్రపోబట్టి అతని పురుగులకు ఆ తీరిక దొరకలేదు. అత్త ఓపిగ్గా లెక్కపెట్టింది. తలలు నూట తొంభై నాలుగు, బతికినవి పదకొండు.

"తలలు లెక్కలోకి రావమ్మా, బతికినవే అన్నావుగా," అన్నాడు ఖలఫ్.

"వహీబా బతికున్నవే వేసింది. ఈ పదకొండూ ఎలా బలిశాయో చూశావా? తోడబుట్టిన వాళ్లను తిని. మీ అన్న పొలం మీద పడ్డావు చూడు, నీకు తెలియని సంగతా?"

ఖలఫ్ తల దించుకున్నాడు. అంతలో అతనికే నవ్వాగలేదు. "సరే వదినా. రేపు నా చేలోకి వచ్చి ఏరడం నేర్పు. టీ నేను పెడతా."

"పొలం నీది వహీబా. మంగళవారం నీళ్ల వంతు, మరిచిపోకు," అంది అత్త.

నేను నాలుక ఆడించి, పెళ్లిళ్లలో వేసే కేక వేశాను. ఆయన పోయాక నా గొంతులోంచి అది రావడం అదే మొదలు.